ఐదు వేలు టోకెన్ కట్టమంటున్నారు, కట్టాలా?

ప్రశ్న: 2016లో హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు క్రెడిట్ కార్డు తీసుకున్నాను. రెండేళ్లు బిల్లులు సరిగ్గానే కట్టాను. 2018లో ఉద్యోగం పోయింది. ఆ ఏడాది సెప్టెంబరులో చివరిసారి మినిమమ్ డ్యూ కట్టాను, అప్పటికి బాకీ 68 వేలు. తర్వాత ఊరికి వచ్చేశాను, ఫోన్ నంబరు మారింది. ఈమధ్య ఓ రికవరీ ఏజెన్సీ వాళ్లు నన్ను పట్టుకుని, బాకీ 2,90,000 అయిందంటున్నారు. ఈరోజే 5 వేలు టోకెన్ కడితే మొత్తం 55 వేలకు సెటిల్ చేస్తారట. లేకపోతే అరెస్టు వారంట్ వస్తుందని వాట్సాప్‌లో నోటీసు పెట్టారు. మా బావగారికీ, ఆఫీసులో హెచ్‌ఆర్‌కీ కూడా ఫోన్ చేశారు. నా జీతం ఖాతా ఆ బ్యాంకులోనే ఉంది. వచ్చే ఏడాది ఇంటి లోను తీసుకుందామనుకుంటున్నాం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: ఈరోజు ఐదు వేలు కట్టకండి. రేపు కూడా వద్దు. "కడతాను" అని వాట్సాప్‌లో ఒక్క ముక్క కూడా రాయకండి. ఎందుకో చెప్పే ముందు, మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ భయపెడుతున్న అరెస్టు సంగతి తేల్చేద్దాం.

కార్డు బాకీ కట్టలేకపోవడం నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. దానికి పోలీసులు అరెస్టు చేయరు. మోసం కేసు నిలవాలంటే కార్డు తీసుకున్న రోజునే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించాలి. రెండేళ్లు సక్రమంగా కట్టి, ఉద్యోగం పోయాక ఆగిపోయిన మనిషి మీద ఆ మాట అతకదు. వాట్సాప్‌లో వచ్చిన ఆ పీడీఎఫ్‌ను ఒకసారి నిదానంగా చూడండి. కేసు నంబరు ఉందా? ఏ ఊరి కోర్టో రాశారా? అసలైన కోర్టు సమన్లు మామూలుగా కోర్టు అమీనా చేతనో, స్పీడ్ పోస్టులోనో వస్తాయి. వాటితో పాటు దావా ప్రతి ఉంటుంది, హాజరు కావాల్సిన తేదీ ఉంటుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో వెతికితే దొరికే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ప్రతి కేసుకూ ఉంటుంది. ఇవేవీ లేకుండా మూడు సింహాల బొమ్మ, ఎర్ర ముద్ర, "48 గంటల్లో" అనే మాట మాత్రమే ఉన్న కాగితం బెదిరింపు కోసం తయారుచేసిందే. దాన్ని డిలీట్ చేయకండి, ఫిర్యాదుకు పనికొస్తుంది.

అయితే సివిల్ బాకీ క్రిమినల్ కేసుగా మారే దారులు రెండున్నాయి. సెటిల్‌మెంట్ వాయిదాల కోసం పోస్ట్ డేటెడ్ చెక్కులు ఇచ్చి, అవి బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు వేయవచ్చు. ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే మాండేట్ మీద సంతకం పెట్టి, అది ఫెయిలైతే పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద అదే పని చేయవచ్చు. కాబట్టి ఎవరెంత మెత్తగా అడిగినా చెక్కు ఇవ్వవద్దు, మాండేట్ ఇవ్వవద్దు.

ఇక టోకెన్ విషయం. మన ఊళ్లలో ప్రోనోటు సంగతి అందరికీ తెలిసిందే. మూడేళ్లు దాటితే నోటు చెల్లదు. అందుకే అప్పిచ్చినాయన గడువు ముగిసేలోపే వచ్చి, వందో రెండొందలో ఇప్పించుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటాడు. నోటుకు మళ్లీ మూడేళ్లు ప్రాణం వస్తుంది. కార్డు బాకీకీ వర్తించేది అదే 1963 నాటి కాలపరిమితి చట్టం. బాకీ కట్టడం ఆగిన నాటి నుంచి మూడేళ్లలోపు బ్యాంకు దావా వేయాలి. ఆ గడువులోపల మీరు బాకీని ఒప్పుకుంటూ రాసి సంతకం చేస్తే సెక్షన్ 18 కింద, కొంత కట్టి అది మీ రాతతోనో సంతకంతోనో నమోదైతే సెక్షన్ 19 కింద మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి.

మీ లెక్క వేద్దాం. చివరి చెల్లింపు 2018 సెప్టెంబరు, ఆ తర్వాతి బిల్లు గడువు తప్పింది అక్టోబరులో. మామూలుగా అయితే 2021 అక్టోబరుకు మూడేళ్లు నిండాలి. కానీ కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇది చాలామంది మరచిపోయే సంగతి. 2020 మార్చి నాటికి మీకు దాదాపు ఏడాదీ ఐదు నెలలు గడిచాయి. మిగిలిన ఏడాదీ ఏడు నెలలు 2022 మార్చి 1 నుంచి మొదలవుతాయి. అంటే 2023 అక్టోబరు ప్రాంతానికి గడువు ముగిసినట్టు. మధ్యలో మీరు ఇంకేమీ కట్టలేదనీ, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదనీ అనుకుని చెబుతున్న లెక్క ఇది. పాత మెయిళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఓసారి తిరగేయండి. 2019లోనో 2020లోనో ఎప్పుడైనా వెయ్యి రూపాయలు కట్టారా, బాకీని ఈఎంఐలుగా మార్చమని అడిగారా అన్నది చూసుకోండి. అలాంటిదేదైనా ఉంటే గడువు ముగిసే తేదీ ఇంకా ఆలస్యమవుతుంది.

గడువు పూర్తిగా దాటాక కట్టిన ఐదు వేలు ఒక్కటే బాకీకి ప్రాణం పోయదు. కానీ కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 25లో మూడో ఉపవిభాగం ఉంది. కాలం చెల్లిన బాకీని కడతానని రాతపూర్వకంగా, సంతకంతో మాటిస్తే అది కొత్త ఒప్పందమే అవుతుంది. ఏజెంటు ఆడించే ఆట ఇక్కడే ఉంటుంది. టోకెన్ కట్టగానే ఒక ఫారం వస్తుంది, లేదా "మిగతా 50 వేలు ఫలానా తేదీలోగా చెల్లిస్తానని మెయిల్ పెట్టండి సార్, ఆఫీసులో అప్రూవల్ కోసం" అంటారు. మీరు పెట్టే ఆ మెయిలే వాళ్లకు కొత్త కాగితం. మిగతా 50 వేలు సర్దలేకపోతే సెటిల్‌మెంట్ రద్దవుతుంది, ఐదు వేలు తిరిగి రాదు, చేతిలో మీ ఒప్పుకోలు ఉంటుంది. పైగా గడువు లెక్కలో మీరు పొరబడి ఉంటే, ఆ టోకెనే వాళ్లకు చెల్లు.

కాలం చెల్లిందంటే బాకీ రద్దయిందని కాదు. కోర్టుకెళ్లి వసూలు చేసుకునే దారి మూసుకుపోయిందని మాత్రమే. మర్యాదగా అడిగే హక్కు బ్యాంకుకు ఉంటుంది, సిబిల్‌లో మచ్చ ఉంటుంది. తన దగ్గరున్న మీ డబ్బును బాకీకి జమ వేసుకునే ప్రయత్నమూ చేయవచ్చు. హామీగా పెట్టిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను కాలం చెల్లిన అప్పుకు సర్దుకోవడాన్ని 1992లో పంజాబ్ నేషనల్ బ్యాంక్, సురేంద్ర ప్రసాద్ సిన్హా కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టలేదు. అందువల్ల మీరు మొట్టమొదట చేయాల్సిన పని జీతం ఖాతాను వేరే బ్యాంకుకు మార్చుకోవడం. ఈ నెల జీతం పడేలోపే కొత్త ఖాతా వివరాలు ఆఫీసులో ఇవ్వండి. పాత ఖాతాలో ఉన్నది కూడా కొత్తదానికి మార్చేయండి.

రెండో పని, గడువులోపలే మీ మీద ఎక్కడైనా కేసు పడిందేమో చూడటం. మీరు ఊరూ నంబరూ మారారు కాబట్టి నోటీసులు పాత చిరునామాకు వెళ్లి ఉండవచ్చు. ఈ-కోర్ట్స్‌లో హైదరాబాద్, రంగారెడ్డి, ఏలూరు (లేదా పాత పశ్చిమ గోదావరి) జిల్లాలు ఎంచుకుని మీ పేరుతో, 2018 నుంచి ఒక్కో సంవత్సరం పెట్టి వెతకండి. ఇంగ్లీషులో మీ పేరు రెండు మూడు రకాలుగా రాయవచ్చు, అన్నిటితోనూ చూడండి. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు హాజరు కాకుండానే ఇచ్చేసిన కోర్టు తీర్పు ఉంటే పైన చెప్పిన మూడేళ్ల లెక్క పనికిరాదు. డిక్రీని అమలు చేయించుకోవడానికి 12 ఏళ్ల గడువుంటుంది. అప్పుడు ముందు లాయర్‌ను కలవాలి, ఆ తర్వాతే బేరం. డిక్రీ ఉన్నా జీతం మొత్తం లాక్కోలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు రావు.

ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తేల్చే పద్ధతి) కాగితాలు మాత్రం ఈ-కోర్ట్స్‌లో కనిపించవు, అవార్డు (మధ్యవర్తి తీర్పు) అమలుకు కోర్టుకొచ్చాకే కనిపిస్తాయి. కార్డు ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్ క్లాజు ఉండటం మామూలే. ఎప్పుడైనా ఆర్బిట్రేటర్ నుంచి నోటీసు వస్తే పక్కన పడేయవద్దు. బాకీదారు పలకకపోతే ఏకపక్షంగా అవార్డు ఇచ్చేస్తారు. బ్యాంకు తానొక్కటే ఎంచుకున్న ఆర్బిట్రేటర్ చెల్లడని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి "ఈ నియామకానికి నేను ఒప్పుకోవడం లేదు, బాకీకి కాలం చెల్లింది" అని వెంటనే రాతపూర్వకంగా జవాబివ్వాలి. కోర్టు సమన్లు వచ్చినా అంతే. కాలం చెల్లిన దావాను, మీరు ఆ మాట ఎత్తకపోయినా కొట్టేయాలని కాలపరిమితి చట్టం సెక్షన్ 3 చెబుతోంది. అయినా తేదీలు సరిగ్గా చూపించేవాళ్లు లేనిచోట కోర్టు బ్యాంకు కాగితాల్నే చూస్తుంది. మామూలు దావాలో 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. సమ్మరీ సూట్ (త్వరగా తేల్చే దావా) అయితే హాజరవుతున్నట్టు తెలపడానికే 10 రోజులు. లాయర్ ఖర్చు భరించలేకపోతే 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత సహాయం దొరుకుతుంది.

లోక్ అదాలత్ నుంచి పిలుపొస్తే అది నిజంది కావచ్చు. కేసు వేయకముందే రాజీకి పిలిచే పద్ధతి ఉంది. వెళ్లడం మంచిదే, రాజీ పడాలని మాత్రం లేదు. అక్కడ సంతకం పెట్టిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. హాల్లో జనం, హడావుడి, "అందరూ పెడుతున్నారు, మీరూ పెట్టండి" అనే మాట... ఆ ఊపులో కాలం చెల్లిన బాకీకి వాయిదాలు ఒప్పుకుని వచ్చినవాళ్లే ఆ తర్వాత ఇబ్బంది పడేది.

ఇప్పుడు ఏజెంటు సంగతి. మళ్లీ ఫోన్ వస్తే వాదించకండి. "మీ పేరు, ఏజెన్సీ పేరు చెప్పండి. బ్యాంకు మీకిచ్చిన ఆథరైజేషన్ లెటర్ నా మెయిల్‌కు పంపండి. కాగితం చూశాకే మాట్లాడతాను" అని చెప్పి పెట్టేయండి. పుట్టిన తేదీ, పాన్, కొత్త చిరునామా, ఓటీపీ ఏదీ చెప్పవద్దు. కాల్ రికార్డు చేయండి. ఆ తర్వాత, ఏజెన్సీకి కాకుండా నేరుగా బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఒక లేఖ పంపండి. మెయిల్‌లోనూ, అందినట్టు రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులోనూ పంపాలి. ఇంగ్లీషులో రాసినా భావం ఇదే ఉండాలి:

"చివర ఫలానా నాలుగంకెలున్న కార్డు తాలూకు బాకీ అంటూ ఫలానా నంబర్ల నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఈ బాకీని నేను అంగీకరించడం లేదు. ఈ లేఖ బాకీకి ఒప్పుకోలు కాదు, చెల్లిస్తానన్న హామీ కాదు. ఈ ఖాతా ఇప్పుడు మీ వద్దే ఉందా, మరో సంస్థకు అమ్మారా? అమ్మి ఉంటే ఎవరికి, ఏ తేదీన? చివరి చెల్లింపు తేదీ, అసలు, వడ్డీ, ఛార్జీలు, జీఎస్టీ విడివిడిగా చూపే స్టేట్‌మెంట్, నేను సంతకం చేసిన దరఖాస్తు ప్రతి పంపండి. నా బంధువులకు, నా యాజమాన్యానికి ఫోన్లు చేయడం వెంటనే ఆపించండి. ఇకపై నాతో రాతపూర్వకంగానే మాట్లాడండి."

"అంగీకరించడం లేదు" అన్న వాక్యం తీసేసి "నా బాకీ వివరాలు పంపండి" అని రాస్తే, ఆ లేఖే మీకు అడ్డం తిరగవచ్చు. అందుకే ఆ వాక్యమూ, దాని వెంటనే ఉన్న "ఒప్పుకోలు కాదు, హామీ కాదు" అన్న వాక్యమూ అలాగే ఉంచండి.

బాకీ ఎవరిదో తెలుసుకోవడం ఎందుకంత ముఖ్యమంటే, పాత కార్డు బాకీల్ని బ్యాంకులు మూటగట్టి, మొండి బాకీలు కొనే అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీలకు అమ్ముతుంటాయి. అమ్మేశాక బ్యాంకుకు కట్టినా, అమ్మకముందు కంపెనీ పేరు చెప్పుకున్నవాడికి కట్టినా, ఆ డబ్బు బాకీకి జమ కాకపోవచ్చు. ఏజెన్సీ అనేది ఎవరి తరఫునో కమీషన్‌కు పనిచేసేది మాత్రమే. బాకీ దానిది కాదు, మాఫీ చేసే అధికారమూ దానికి లేదు.

2.9 లక్షల అంకె చూసి కంగారు పడనక్కర్లేదు. నెలకు 3.5 శాతం చొప్పున చక్రవడ్డీ వేస్తే 68 వేలు 42 నెలల్లోనే 2.88 లక్షలవుతుంది. 30 శాతానికి మించిన కార్డు వడ్డీ చెల్లదని కొన్నిచోట్ల ఇంకా రాస్తున్నారు. వినియోగదారుల జాతీయ కమిషన్ 2008లో చెప్పిన ఆ పరిమితిని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. ఆ వాదన పట్టుకుని వెళ్లకండి. కట్టని ఛార్జీల్నీ పన్నుల్నీ అసలులో కలిపి వాటి మీద వడ్డీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 నాటి కార్డు నిబంధనల్లో చెప్పింది. విడివిడి లెక్క అడిగేది అందుకే.

మీ బావగారికీ, హెచ్‌ఆర్‌కీ చేసిన ఫోన్లు ఆ నిబంధనలకు పూర్తిగా విరుద్ధం. కార్డుదారు కుటుంబసభ్యుల, స్నేహితుల గోప్యతలో జోక్యం చేసుకోవడం, నలుగురిలో పరువు తీయడం, బెదిరించడం, అబద్ధాలు చెప్పడం ఏజెంట్లు చేయకూడదు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. ఇంటికొచ్చే ఏజెంటు దగ్గర గుర్తింపు కార్డు, బ్యాంకు అధికార పత్రం ఉండాలి. మీరు లోపలికి రానివ్వాల్సిన పనిలేదు. గుమ్మం దగ్గరే రెండు కాగితాలూ ఫొటో తీసుకోండి, గొడవ చేస్తే 112కు ఫోన్ చేయండి. ఏజెంటు చేసిన తప్పుకు జవాబుదారీ బ్యాంకే. మీ ఫిర్యాదు తేలేదాకా ఖాతాను వసూలు ఏజెన్సీకి ఇవ్వకూడదని కూడా రిజర్వ్ బ్యాంకు చెప్పింది. కాబట్టి కాల్ తేదీలు, సమయాలు, నంబర్లు, ఆ వాట్సాప్ నోటీసు స్క్రీన్‌షాట్, బావగారు, హెచ్‌ఆర్ ఏం విన్నారో రెండు వాక్యాలు... అన్నీ కలిపి బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి పంపి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆలస్యం చేయకుండా రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, సందేహాలకు 14448. బ్యాంకుకు ముందు రాయకుండా నేరుగా అక్కడికి వెళితే తిప్పి పంపేస్తారు.

ఇంట్లోనూ, ఆఫీసులోనూ విషయం మీరే ముందు చెప్పేయండి. "పాత కార్డు బాకీ ఒకటుంది, నేను చూసుకుంటున్నాను, ఫోన్ వస్తే నంబరు రాసిపెట్టి పెట్టేయండి" అంటే చాలు. దాచినంతకాలమే ఆ ఫోన్లకు బలం. ఈ ఒత్తిడి నిద్రపోనివ్వనంతగా ఉంటే 14416కు చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

చివరిగా ఇంటి లోను. నిజానికి మీరు సెటిల్‌మెంట్ గురించి ఆలోచించాల్సింది దీని కోసమే, వారంట్ భయంతో కాదు. ముందు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ బ్యూరోల (అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థల) నుంచీ ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే రిపోర్టు తీసుకోండి. ఈ ఖాతా ఎవరి పేరున ఉంది, "రిటన్ ఆఫ్" అని ఉందా, చివరి చెల్లింపు తేదీ ఏం చూపిస్తోంది అన్నవి రాసుకోండి. ఆ తేదీ మీ లెక్కతో సరిపోవాలి. రిటన్ ఆఫ్ అంటే మాఫీ కాదు, బ్యాంకు తన పుస్తకాల్లో నష్టంగా రాసుకుందని. ఏడేళ్లు దాటితే అదే చెరిగిపోతుందని చెబుతుంటారు. ఏడేళ్లనేది సమాచారాన్ని కనీసం ఉంచాల్సిన గడువు, ఆ తర్వాత తీసేస్తారన్న హామీ కాదు. ఇంటి లోను ఇచ్చే బ్యాంకు రిటన్ ఆఫ్ చూస్తే దాదాపుగా ఆగిపోతుంది, "సెటిల్డ్" (తగ్గించి కట్టి ముగించారు) అని చూసినా ప్రశ్నలు వేస్తుంది. "క్లోజ్డ్" (బాకీ తీరి ఖాతా మూసేశారు) అని ఉంటేనే మీ పని సులువు.

అందుకని స్తోమత ఉంటే, మొత్తం డబ్బు చేతిలో ఉన్నప్పుడే, ఒకే విడతలో కట్టేలా బేరం పెట్టండి. వాయిదాలు వద్దు. వాయిదా అంటే మాటివ్వడం, మాటిస్తే మళ్లీ మూడేళ్లు. వడ్డీ మాఫీ చేసి అసలు 68 వేలు తీసుకుని "క్లోజ్డ్" అని రిపోర్టు చేస్తారా అని అడగండి. ఒప్పుకుంటే 55 వేల సెటిల్డ్ కన్నా ఆ 13 వేలు ఎక్కువ పెట్టడమే మీకు లాభం. ఒప్పుకోకపోతే 55 వేల కన్నా తగ్గించి అడగండి. ఏజెంటు చెప్పే మొదటి అంకె చివరిది కాదు, నెలాఖరున, మార్చి చివర టార్గెట్ల వేళ ఇంకా దిగుతుంది.

డబ్బు కదిలే ముందు బ్యాంకు లెటర్‌హెడ్ మీద కాగితం రావాలి. కార్డు చివరి నాలుగంకెలు, కట్టాల్సిన మొత్తం, ఆఖరి తేదీ, డబ్బు వేయాల్సిన ఖాతా, ఇది పూర్తి, అంతిమ చెల్లింపు అన్న మాట, క్రెడిట్ బ్యూరోలకు ఏమని తెలుపుతారన్నది... ఇవన్నీ అందులో ఉండాలి. ఏజెంటు జీమెయిల్ నుంచి వచ్చిన లెటర్‌ను నమ్మవద్దు. దాన్ని నోడల్ అధికారికి ఫార్వర్డ్ చేసి నిజమో కాదో రాతలో అడగండి. కట్టేది కార్డు ఖాతాకే, బ్యాంకు బదిలీ ద్వారానే. ఏ వ్యక్తి యూపీఐకీ వద్దు. ఆఖరి తేదీకి రెండు రోజుల ముందే వేయండి, ఒక్క రోజు ఆలస్యమైనా ఆఫర్ రద్దు చేసి కట్టినదాన్ని వడ్డీకి జమ వేసుకోవచ్చు.

కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. తీరిన బాకీ వివరాన్ని 30 రోజుల్లో బ్యూరోలకు సరిచేసి పంపాలి. మారకపోతే బ్యూరో సైట్‌లోనే డిస్ప్యూట్ వేయండి, అది 30 రోజుల్లో తేలకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి. రిపోర్టులో మార్పు కళ్లారా చూశాకే ఇంటి లోనుకు దరఖాస్తు పెట్టండి. సెటిల్‌మెంట్ లెటర్, బదిలీ రసీదు, నో డ్యూస్ మూడూ స్కాన్ చేసి మీ మెయిల్‌లో పెట్టుకోండి, అసళ్లు ఇంటి పత్రాలతో పాటు దాచండి. పాత జాబితా చేతులు మారి, ఇదే కార్డు కోసం మరో ఏజెన్సీ ఫోన్ చేయడం అరుదేమీ కాదు.